వండిందెవరని అడిగితే

మాకు వంట రాదని ఈ దేశంలో ఎవరూ అనలేదు. మా చేతివంట ముట్టం అని మాత్రమే అన్నారు. ఈ రెండు మాటలకీ మధ్య ఉన్న సందులోనే కులం కాపరం పెట్టింది.

మా అన్నా వదినా బస్టాండు దగ్గర ఒక చిన్న మెస్సు నడుపుతారు. 2021లో దానికి క్యాటరింగు కూడా కలిపారు. ఇది వ్యాపారం సంగతి గదా, ఇందులో రాసేదేముంది అని మీకనిపించొచ్చు. పెట్టుబడి ఎంత, అప్పు ఎంత, వడ్డీ ఎంత, ఇంతే గదా. కానీ మెస్సు పెట్టిన పన్నెండేళ్ళలో మా గడప తొక్కని ప్రశ్న ఒకటి, క్యాటరింగు పెట్టిన మూడో నెలలో లోపలికొచ్చి కూచుంది. మనం ఎవరమో చెప్పకుండా అన్నం అమ్ముకోవచ్చా? చెప్పకపోవడం అబద్ధమా? అబద్ధమే అయితే ఆ పాపం ఎవరిది?

నేను గవర్నమెంటు బడి పంతుల్ని. నిజమే చెప్పాలిరా అని రోజూ పిల్లలకి చెప్పే ఉద్యోగం. మా వంశంలో డిగ్రీ చదివిన మొదటోణ్ణి. అందుకని ఇంట్లోవాళ్ళు ఈ ప్రశ్నని తెచ్చి నా ముందు పెట్టారు. "అబ్బాయ్, నువ్వు చదువుకున్నోడివి, నువ్వే తేల్చు" అంది వదిన. నేను చదివిన పుస్తకాల్లో దీనికి జవాబు లేదు. మా ఇంటి చరిత్రలో వెతుక్కోవాల్సి వచ్చింది.

మా నాయన ఒక పెద్దరైతు దగ్గర పాలేరు. ఊళ్ళో పెద్దోళ్ళ ఇంట పెళ్ళంటే వారం ముందునుంచే మాదిగపల్లెకి కబురొచ్చేది. గాడిపొయ్యి తవ్వాలి. నిలువెడు పొడుగు కందకం, దాని మీద వరసగా గుండిగలు పెట్టేందుకు వీలుగా అంచులు చదును చెయ్యాలి. మొద్దులు చీల్చాలి. బియ్యం బస్తాలు మోసుకొచ్చి దింపాలి. ఇంతవరకూ మా నాయన చెయ్యి పనికొచ్చేది. గుండిగలో ఎసరు మరిగి బియ్యం పడిన క్షణం నుంచి ఆ చెయ్యి పనికిరాదు. దూరంగా నిలబడాలి. బంతులన్నీ లేచాక ఎంగిలి విస్తళ్ళు ఎత్తడానికి మళ్ళీ అదే చెయ్యి కావాలి. చివర్న మిగిలిన అన్నం, అడుగంటిన కూర మా తట్టలో పోసేవాళ్ళు. ఆ అన్నం మేం సంబరంగా తిన్నాం. పిల్లలం గదా, పెళ్ళన్నమే మాకు పండగ.

అంటే క్యాటరింగు మాకు కొత్తేం కాదు. విందుకి ముందు పని మాదే, వెనక పనీ మాదే. మధ్యలో ఉన్న గరిటె ఒక్కటే మాది కాదు.

ఇందులో ఉన్న లెక్క గమనించండి. ఆ వడ్లు నాటింది మా అమ్మ. కోసిందీ, కుప్పేసిందీ, నూర్చిందీ, తూర్పారబట్టిందీ మా పల్లె. ధాన్యానికి మైల లేదు. బియ్యానికి మైల లేదు. నీళ్ళు పోసి నిప్పు పెట్టగానే మైల పుట్టుకొచ్చింది. నిప్పు అన్నిటినీ శుద్ధి చేస్తుందని చెప్పే ధర్మమే, నిప్పు మీద ఉడికినదానికే ఎక్కువ అంటుని అంటగట్టింది. ఎందుకని? పచ్చి బియ్యం పంచుకుంటే చుట్టరికం కలవదు. ఉడికిన అన్నం పంచుకుంటే కలుస్తది. కలవకుండా చూడటమే దాని పని. శుభ్రం అన్నది పైకి చెప్పే సాకు.

ఇప్పుడు మెస్సు సంగతి. మా అన్న పదమూడేళ్ళప్పుడు బెజవాడ వెళ్ళి ఒక హోటల్లో బల్లలు తుడిచాడు. తుడుస్తూ తుడుస్తూ వంటింట్లోకి చేరాడు. ఉల్లిపాయలు తరగడం దగ్గర మొదలుపెట్టి సాంబారు దాకా ఎదిగాడు. 2009లో వదిన డ్వాక్రా గ్రూపులో తీసుకున్న అప్పుతో మా మండల కేంద్రంలో ఆరు బల్లల మెస్సు పెట్టారు. అమ్మ కూడా వెళ్ళి పొయ్యి దగ్గర నిలబడింది. అమ్మ చేతి గోంగూర మటను కోసం లారీ డ్రైవర్లు బండి పక్కకి ఆపి మరీ దిగేవాళ్ళు. ఆర్టీసీ వాళ్ళు, ఆసుపత్రికొచ్చిన రోగుల బంధువులు, పరీక్షలకొచ్చిన పిల్లలు తిన్నారు. ఎవరూ "మీరేవిట్లు?" అని అడగలేదు. ఆకలైనోడికి అన్నం కనపడుద్ది, వండిన మనిషి కనపడడు.

ఇది దానంతటది వచ్చిన మార్పు కాదు. మా నాయన వయసులో ఉన్నప్పుడు ఊరి టీ కొట్లో మా వాళ్ళకి వేరే గ్లాసు. తాగి, తనే కడిగి, చూరులో పెట్టి రావాలి. దుకాణాల్లోకి, హోటళ్ళలోకి రానియ్యకుండా కులం పేరుతో ఆపకూడదని రాజ్యాంగం 15వ అధికరణంలో రాసిపెట్టారు. 17వ అధికరణం అంటరానితనాన్నే రద్దు చేసింది. 1955లో దానికి చట్టం వచ్చింది. కానీ ఒకటి చూడండి. హోటల్లోకి తినడానికి వెళ్ళే హక్కు మనకి రాసిపెట్టి ఉంది. మన హోటల్లో ఎదుటివాడు తినాలని ఎక్కడా రాసి లేదు. రాయడం కుదరదు కూడా. ఒకడి నోట్లో బలవంతాన ముద్ద పెట్టే చట్టం ఏ దేశంలో ఉంటది? 2015లో అట్రాసిటీ చట్టాన్ని సవరించి ఆర్థిక బహిష్కారాన్ని కూడా నేరాల్లో చేర్చారు. మంచిదే. కానీ "ఆలోచించి చెప్తాం" అని పెట్టేసిన ఫోను మళ్ళీ మోగకపోతే, ఆ నిశ్శబ్దాన్ని ఏ స్టేషన్లో రాయిస్తాం?

క్యాటరింగు ఆలోచన కరోనా వల్ల వచ్చింది. 2020 మార్చిలో బస్సులు ఆగాయి. బస్టాండు ఆగితే మెస్సు ఆగినట్టే. అద్దె మాత్రం ఆగలేదు. మళ్ళీ తెరిచినాక అన్న కూచుని లెక్క వేశాడు. మెస్సులో ఎంతమంది వస్తారో తెలీదు. నలభై మందికని వండితే పాతికమంది రావొచ్చు. మిగిలింది నష్టమే. క్యాటరింగులో తలల లెక్క ముందే తెలుస్తది. వందమందికి పది పన్నెండు కిలోల బియ్యం, దాన్నిబట్టి పప్పు, దాన్నిబట్టి నూనె. సగం డబ్బు అడ్వాన్సుగా వస్తది, ఆ డబ్బుతోనే సరుకులు దించొచ్చు. మెస్సులో మధ్యాహ్నం మూడు నుంచి రాత్రి ఏడు దాకా పొయ్యి ఖాళీ. అవే చేతులు, అవే గిన్నెలు, అదే అద్దె. మూఢాల్లో, ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు, అప్పుడు మెస్సు కూడు పెడతది. ముహూర్తాలొస్తే క్యాటరింగు అప్పు తీరుస్తది. చదువుకోని మా అన్న వేసిన ఈ లెక్కలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అప్పు తెచ్చి పెద్ద గుండిగలు, చిల్లుల గరిటెలు, పెద్ద సిలిండరు పొయ్యిలు కొన్నాడు.

మొదటి ఆర్డర్లన్నీ మనోళ్ళవే. ఏప్రిల్ పధ్నాలుగు అంబేద్కర్ జయంతి, చర్చిలో క్రిస్మస్ భోజనాలు, పల్లెలో పెళ్ళిళ్ళు. అమ్మకి ఎక్కడలేని సంతోషం. కానీ మనోళ్ళ దగ్గర డబ్బులు తక్కువ, బాకీలు ఎక్కువ. గొంతు మీద కూచుని అడగలేం. "పంట చేతికొచ్చినాక ఇస్తాలే బాబాయ్" అంటే ఏం చేస్తాం? గుండిగల అప్పు తీరాలంటే ఊరివైపు నుంచి ఆర్డర్లు రావాలి.

అక్కడ తగిలింది ప్రశ్న.

మెస్సుకీ క్యాటరింగుకీ ఉన్న తేడా అప్పటిదాకా మాకు అర్థం కాలేదు. మెస్సుకి మనిషి ఒక్కడే వస్తాడు. ఊరు దాటి వస్తాడు, కులాన్ని ఇంట్లో పెట్టి వస్తాడు. ఫంక్షనుకి చుట్టాలందరూ వస్తారు, కులాన్ని తోడు తెచ్చుకుంటారు. మెస్సులో అతను మన గడపలోకి వస్తాడు. క్యాటరింగులో మనం అతని గడపలోకి వెళ్తాం. అందుకే ధర అడగకముందు వేరే ప్రశ్నలు మొదలవుతాయి. సూటిగా "మీ కులమేంది" అని ఎవరూ అనరు. అందరూ చదువుకున్నవాళ్ళే గదా. "మీదే ఊరు? ఊళ్ళో ఎటువైపు? ఇంటిపేరు? మేస్త్రి ఎవరు? ఆదివారం ఆర్డర్లు తీసుకుంటారా, చర్చి ఉంటదేమో?" అని చుట్టూ తిరిగి, తిరిగి, మా గుడిసె దగ్గరికొచ్చి ఆగుతారు.

నాతో పనిచేసే ఒక మాస్టారు ఓణీల ఫంక్షనుకి నాలుగొందల ప్లేట్ల ఆర్డరు చెప్పించాడు. మంచి మనిషి. మెస్సులో ఎన్నోసార్లు తిన్నాడు. ఆయనే ఒక సలహా కూడా ఇచ్చాడు. "ఏమనుకోకండి మాస్టారూ. మాకేం పట్టింపు లేదు. పెద్దోళ్ళుంటారు గదా. ముందు వేరే మేస్త్రిని పెట్టండి. మీ అన్నయ్య సామాను దింపేవాడిలాగా ఉంటే సరిపోద్ది." ఆయన గొంతులో ద్వేషం లేదు. మా మేలు కోరే చెప్పాడు. కులం ఇవాళ ఎక్కువగా మంచివాళ్ళ నోటితోనే మాట్లాడుతోంది. చెడ్డవాళ్ళతో అయితే తగాదా పెట్టుకోవచ్చు.

అన్న ఒప్పుకున్నాడు. భుజం మీద కొత్త తువ్వాలేసుకున్న మేస్త్రి గుండిగల ముందు నిలబడ్డాడు. షెడ్డు వెనక అమ్మ ఉప్పు కొలిచి, కారం కొలిచి, వాసన చూసి పంపింది. గోంగూర మటను మూడుసార్లు అడిగి వేయించుకున్నారు. ఇంటాయన మేస్త్రిని పిలిచి ఐదొందల నోటూ పంచే ఇచ్చాడు. అప్పుడు అమ్మ కుళాయి దగ్గర గిన్నెలు కడుగుతోంది. ఎవరో చూసి, "ముసలమ్మా, ఆ ఎంగిలి ప్లేట్లు కూడా తియ్యి" అన్నారు. తీసింది. రాత్రి ట్రాలీ ఆటోలో గుండిగల మధ్య కూచుని అన్నతో ఒకే మాట అంది. "మీ నాయన తవ్విన పొయ్యికాడికే మళ్ళీ తీసుకొచ్చావురా."

ఆ రాత్రి ఇంట్లో పెద్ద వాదులాట. అన్న అన్నాడు, "నాలుగొందల ప్లేట్లకి మిగిలింది మెస్సులో రెండు నెలలకి మిగలదు. పిల్లల ఫీజులు కట్టాలి. ఆత్మగౌరవం అంగట్లో కిలో ఎంతకి అమ్ముతున్నారో చెప్పు, కొనుక్కొస్తా." మా పిల్లోడొకడు యూనివర్సిటీలో చదువుతున్నాడు, వాడు "బోర్డు మీద జై భీమ్ అని పెద్దగా రాయండి, తినేవాడే తింటాడు" అన్నాడు. "నువ్వు హాస్టల్లో తింటన్నావు గనక అట్టంటావు" అన్నాడు అన్న. వదిన అందరికన్నా బాగా మాట్లాడింది. "కూర బాగలేదంటే డబ్బులు వాపసిస్తా. కులం బాగలేదంటే దేన్ని వాపసియ్యాలి? మధ్యలో కులాన్ని పెట్టింది వాళ్ళు. దాన్ని దాటి రావడానికి మనం పక్కదారి తొక్కితే మనం మోసగాళ్ళమా?"

ఈ ప్రశ్ననే నేను పట్టుకున్నాను.

అబద్ధమంటే ఏంది? ఉన్నది చెప్పకపోవడం ఒక్కటే అబద్ధం కాదు. ఎదుటివాడికి తెలుసుకునే హక్కున్న దాన్ని అతని నుంచి దాచడం అబద్ధం. పరువు పేరుతో కత్తి పట్టుకొచ్చినోడు, కులం దాటి పెళ్ళి చేసుకున్న పిల్లలు ఎటెళ్ళారని అడిగితే చూపించడం సత్యవ్రతం కాదు. కాబట్టి అడగాల్సిన మొదటి మాట ఇది. తినేవాడికి ఏం తెలుసుకునే హక్కుంది?

నూనె ఏదో తెలుసుకునే హక్కుంది. మాంసం నిన్నటిదో ఇవాళ్టిదో తెలుసుకునే హక్కుంది. నీళ్ళు ఎక్కడివో, గిన్నె తోమారో లేదో, చేతికి పుండుందో లేదో అడగొచ్చు. ఇంకో గట్టి ప్రశ్న కూడా ఉంది, దాన్ని మనం దాటెయ్యకూడదు. మేం గొడ్డుమాంసం తింటాం. అది మా కూడు, మా బలం, అందులో సిగ్గు లేదు. తిననివాడు "ఈ గుండిగలో అది వండారా?" అని అడిగితే, జవాబు చెప్పడం మా బాధ్యత. మా ఇంట్లో ఏం తింటామన్నది మా సంగతి. అతనికి పెట్టే గుండిగలో ఏం ఉడికిందన్నది అతని సంగతి. అందుకే మా క్యాటరింగు గుండిగలు వేరు, శాకాహారం గుండిగలు మళ్ళీ వేరు. ఈ నిజాయితీలో వెంట్రుకవాసి తేడా రానియ్యం. ప్యాకెట్ల మీద ఆకుపచ్చ చుక్క పెట్టమని ప్రభుత్వం చెప్పింది కూడా లోపల ఏముందో చెప్పడానికే. ఎవరు వండారో చెప్పడానికి ఏ రంగు చుక్కా లేదు.

2017లో పూణేలో జరిగింది గుర్తుంచుకోండి. వాతావరణ శాఖలో పనిచేసే ఒక పెద్ద శాస్త్రవేత్త, తన ఇంట పూజలకి వంట చేసినామె బ్రాహ్మణ స్త్రీనని చెప్పి మోసం చేసిందని పోలీసు కేసు పెట్టింది. గొడవయ్యాక వాపసు తీసుకుంది. ఆ వంటవల్ల ఎవరికీ జబ్బు చెయ్యలేదు. తిన్నప్పుడు బాగానే ఉంది, తెలిసినాక మైలయ్యింది. అంటే మైల అన్నంలో లేదు, తెలియడంలో ఉంది. మబ్బుల్ని చదివే చదువు కూడా ఈ చిన్న సంగతి నేర్పలేకపోయింది.

2024 జూలైలో ఇంకొకటి జరిగింది. ఉత్తరప్రదేశ్‌లో కావడి యాత్ర దారిలో ఉన్న హోటళ్ళవాళ్ళంతా యజమానుల పేర్లు బయట రాసి పెట్టాలని పోలీసులు ఆదేశించారు. పేరు చూస్తే మతం తెలుస్తది, కులం తెలుస్తది. జూలై 22న సుప్రీంకోర్టు దాన్ని నిలిపేసింది. ఎలాంటి తిండి పెడుతున్నారో రాయమనొచ్చు గానీ, యజమాని పేరూ పనివాళ్ళ పేర్లూ రాయమని బలవంతపెట్టకూడదని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. మా వదిన ఆ రాత్రి వంటింట్లో అన్నది కూడా ఇదే. అక్కడ దెబ్బ ముస్లిం హోటళ్ళ మీద. ఇక్కడ మా మీద. పొయ్యి వేరైనా పొగ ఒకటే.

కాబట్టి వదిన గెలిచింది. కులం చెప్పకపోవడం మోసం కాదు. కులం పదార్థం కాదు గనక, చెప్పకపోతే కొన్నవాడికి తగ్గేదేమీ లేదు. పెద్ద పెద్ద ఉద్యోగాల్లో ఉండి, అద్దె ఇల్లు దొరక్క ఇంటిపేరు మింగేసిన మనవాళ్ళెందరినో నేనెరుగుదును. వాళ్ళని పిరికివాళ్ళనే హక్కు నాకు లేదు. మీకూ లేదు.

అయితే మరి అమ్మ మాట ఎందుకు అంత గుచ్చుకుంది?

ఇక్కడే అసలు సంగతుంది. దాచడం వల్ల కొన్నవాడికి నష్టం లేదు. నష్టం వండినవాళ్ళకి. ఆ రోజు పంచె అమ్మకి రావాలి. "ఈ కూర ఎవరు చేశారమ్మా" అన్న మాట అమ్మ చెవిన పడాలి. డబ్బు మా ఇంటికొచ్చింది, పేరు దారిలోనే ఆగిపోయింది. పేరు లేని పనికి మన భాషలో పేరుంది, వెట్టి. కూలి ఇచ్చినా అది వెట్టే. దాచుకోవడం మన హక్కు. దాచుకోవాల్సి రావడం మన మీద వేసిన పన్ను. హక్కు వాడుకున్న ప్రతిసారీ పన్ను కడుతున్నామని మర్చిపోతే, కొన్నాళ్ళకి ఆ పన్నునే స్వేచ్ఛ అనుకుంటాం. నిజం మనం కొన్నవాడికి బాకీ లేము. మనలోనే పొయ్యి దగ్గర నిలబడిన మనిషికి బాకీ ఉన్నాం.

బడిలో ఇదే చూస్తున్నాను. మధ్యాహ్న భోజనం వండిపెట్టాలని సుప్రీంకోర్టు 2001 నవంబరులో ఆదేశించింది. 2004 ఏప్రిల్లో వంటవాళ్ళ నియామకంలో దళితులకి, ఆదివాసులకి ప్రాధాన్యం ఇవ్వాలని చెప్పింది. ఆ వాక్యం రాసినవాళ్ళకి ఈ దేశపు వంటిల్లు బాగా తెలుసు. నేనింతకుముందు పనిచేసిన ఒక బడిలో మా పల్లె ఆమె వండేది. కొందరు పిల్లలు ఇంటినుంచి క్యారేజీ తెచ్చుకునేవాళ్ళు. ఎందుకురా అంటే "కడుపునొప్పి సార్" అనేవాళ్ళు. ఐదేళ్ళ పిల్లోడికి ఆ కడుపునొప్పి ఎవరు నేర్పారు? ఆ పిల్లోడు అబద్ధం చెప్తున్నాడని వాడికే తెలీదు. 2021 డిసెంబరులో ఉత్తరాఖండ్‌లో సూఖీఢాంగ్ బడిలో దళిత వంటామె చేతి అన్నం పైకులాల పిల్లలు వద్దన్నారు, ఆమెని తీసేశారు. అప్పుడు దళిత పిల్లలు, కొత్తగా పెట్టిన పైకులం ఆమె వంట మేమూ తినం అని కూచున్నారు. తరవాత ఆమెని మళ్ళీ తీసుకున్నారు. ఆ పిల్లలు ఏ కులాన్నీ తక్కువ చెయ్యలేదు. "తినం" అన్న మాట ఒకవైపు నుంచే ఎందుకు రావాలి అని అడిగారు, అంతే.

ఒకవైపు నుంచే వచ్చే సంగతులు చాలా ఉన్నాయి. బ్రాహ్మణ వంట అని బోర్డు పెట్టుకుంటే గిరాకీ పెరుగుద్ది. దాన్ని ఎవరూ కులతత్వం అనరు, శుభ్రత అంటారు. మద్రాసులో హోటళ్ళ బోర్డుల మీద ఆ మాట ఉండకూడదని 1957లో పెరియార్ పోరాటం చెయ్యాల్సి వచ్చింది. మా కులం పేరు బోర్డు మీద పెడితే? 2016లో చంద్రభాన్ ప్రసాద్ 'దళిత్ ఫుడ్స్' అని పేరు పెట్టి కారాలు, పచ్చళ్ళు అమ్మడం మొదలుపెట్టినప్పుడు అందరూ ఆశ్చర్యపోయారు. ఆయన ధైర్యానికి దండం. కానీ ఢిల్లీలో పేరున్న మేధావి డబ్బాల మీద రాయడం వేరు, మండల కేంద్రంలో అప్పుతో గుండిగలు కొన్నోళ్ళు ఫంక్షను హాలు గుమ్మం ముందు నిలబడి చెప్పడం వేరు. అందరి ధైర్యానికీ ఒకే కొలత పెట్టకూడదు.

ఇంకో భ్రమ కూడా వద్దు. మన చేతి కూర తిన్నంత మాత్రాన కులం పోదు. 1927 మార్చిలో మహద్ చెరువు నీళ్ళు తాగినందుకు, సభకొచ్చినోళ్ళు అన్నం తింటుండగా దాడి చేసి ఆ అన్నాన్ని మట్టిపాలు చేశారు. అన్నం మీద వాళ్ళకంత కోపం ఎందుకో అంబేద్కర్‌కి తెలుసు. అయినా 1936లో కులనిర్మూలన రాసినప్పుడు, కలిసి తినడాలు చాలవు, రక్తం కలవాలి, ఆ అడ్డుగోడలకి పవిత్రత కట్టబెట్టిన శాస్త్రాల మీదే నమ్మకం పోవాలి అన్నాడు. మెస్సులో పన్నెండేళ్ళు తిన్న మాస్టారు, మమ్మల్ని సామాను దింపేవాళ్ళుగా ఉండమన్నాడు గదా. అంబేద్కర్ చెప్పింది అక్షరాలా నిజమని నాకు మా మెస్సు బల్లల మీదే అర్థమైంది. క్యాటరింగు విప్లవం కాదు. అది బతుకుతెరువు. బతుకుతెరువులో తల ఎంత ఎత్తులో పెట్టుకోవాలన్నదే మన ముందున్న ప్రశ్న.

వాదులాటలన్నీ అయ్యాక మా ఇంట్లో నాలుగు మాటలు అనుకున్నాం. ఒకటి, అడగకముందు మనమెవరమో సంజాయిషీ చెప్పం. రెండు, సూటిగా అడిగితే వేరే కులం పేరు చెప్పం. "వంట రుచి చూసి చెప్పండి, ఇంటిపేరు రుచి చూడకండి" అని వదిన అంటది. మూడు, గుండిగలో ఏముందో ఎవరడిగినా, అడక్కపోయినా చెప్తాం. నాలుగోది అమ్మ పెట్టిన షరతు. ఎక్కడ వండినా మొదటి బంతిలో కూర తనే వడ్డిస్తది. షెడ్డు వెనక ఉండదు. బిల్లు పుస్తకం మీద అమ్మ పేరే వేయించాం. ఆ పేరు చదివితే మేమెవరమో ఈ జిల్లాలో ఎవరికైనా తెలిసిపోద్ది. మేం చెప్పినట్టూ కాదు, దాచినట్టూ కాదు.

దీనివల్ల ఆర్డర్లు పెరిగాయని చెప్తే మీకు సంతోషంగా ఉంటది గానీ, అట్లా జరగలేదు. బిల్లు పుస్తకం చూసి అడ్వాన్సు ఇవ్వకుండానే వెళ్ళినోళ్ళున్నారు. గుండిగల అప్పు ఇంకా పూర్తిగా తీరలేదు. ఆ మాస్టారు మళ్ళీ ఆర్డరు చెప్పించలేదు గానీ మెస్సులో మాత్రం తింటూనే ఉన్నాడు. కొత్తగా కొందరు వచ్చారు. యూనియన్ ఆఫీసు వాళ్ళు, రిటైర్మెంటు ఫంక్షన్లు చేసుకునే ఉద్యోగులు, కులం దాటి పెళ్ళి చేసుకున్న ఒక జంట. ఆ పెళ్ళిలో అమ్మ వడ్డిస్తుంటే ఒక పెద్దావిడ విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టింది. పక్కన కూచున్న ఆమె మనవరాలు ఇంకాస్త వెయ్యమని తన విస్తరి ముందుకు జరిపింది. ఒకే బంతిలో రెండూ జరిగాయి. ఎవరి పక్కన ఎంతమంది ఉన్నారో నేను లెక్క పెట్టలేదు.

విద్యార్థులకీ, ఉద్యమాల్లో తిరిగేవాళ్ళకీ ఒక మాట. పేరు దాచి వండుకునేవాళ్ళు మీకు కనపడితే, ముందు వాళ్ళని నిలదియ్యకండి. వాళ్ళ అప్పు ఎంతో, పిల్లలెందరో అడగండి. ఆ తరవాత మీ ఇంట ఫంక్షను వస్తే, మీ సంఘం మహాసభ జరిగితే, భోజనాల ఆర్డరు ఎవరికిచ్చారో ఒకసారి చూసుకోండి. స్టేజీ మీద కులనిర్మూలన మాట్లాడి, స్టేజీ వెనక అలవాటైన మేస్త్రినే పిలిచే సభలు నేను చాలా చూశాను. ఈసారి మనోళ్ళకివ్వండి. అడ్వాన్సు సగం ముందే ఇవ్వండి, బ్యాలెన్సు అదే రాత్రి లెక్కగట్టి ఇచ్చెయ్యండి. వండినామెని షెడ్డు వెనక నుంచి పిలిచి, కూర బాగుందని నలుగురి ముందూ చెప్పండి.